గిన్నె అడుగున సాసరు

నలభై ఏళ్లు రేవులో హెర్రింగ్ చేపల పొట్టలు చీల్చిన చేతులు జెమైమా మెయిర్‌వి. ఉప్పుకి కణుపులు కొయ్యబారాయి. అయినా స్కాట్లండ్ తీరాన ఆ పోర్ట్‌నాకీలో, ఆ వీధి వాళ్లెవరి పుట్టినరోజుకైనా క్లూటీ, గుడ్డలో మూటగట్టి ఉడికించే తీపి ముద్ద, ఆ చేతుల మీదుగానే రావాలి. పట్నం దుకాణాల్లో దానికి గళ్ల రిబ్బను కట్టి, సంప్రదాయమని రాసి, వచ్చేపోయే వాళ్లకు అమ్ముతారు. జెమైమాకు ఆ మాటతో పని లేదు. పిండి, కొవ్వు, ఎండుద్రాక్ష, నల్ల పాకం కలిపి ముద్ద చేస్తుంది. కాగే నీళ్లలో ముంచి పిండిన గుడ్డ మీద పొడిపిండి చల్లుతుంది. ముద్దకు తోలు కట్టేది ఆ పిండే. మూటగట్టి మూడున్నర గంటలు ఉడికిస్తుంది. గుడ్డ తల్లిది. సబ్బు ఎరగదు.

గిన్నె అడుగున ఒక సాసరు బోర్లిస్తుంది. నీళ్లు మరుగుతున్నంతసేపూ అది టకటక కొట్టుకుంటూనే ఉంటుంది. ఊరుకుందంటే నీళ్లు అయిపోవచ్చాయని. అందుకే ఆమె ఎన్నడూ మూత తీసి చూడలేదు.

ఈస్టర్ నాడు ఆ చప్పుడు ఆగిన సంగతే ఆమెకు తెలియలేదు. పొగ చూసి అన్న కూతురు మురియల్ పరిగెత్తుకొచ్చేసరికి ముద్ద సగం బొగ్గయింది, గుడ్డ మీద అరచేతంత మచ్చ పడింది. జెమైమా తప్పు గ్యాసు మీదికి నెట్టింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే వినిపిస్తుంది గాని, సన్నటి చప్పుళ్లు అందడం లేదని ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు పొయ్యి తీసేస్తారు. తర్వాత ఆమెనే తీసుకెళ్లి ఏదో వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన కూర్చోబెడతారు.

తండ్రి సాండీ ఎనభయ్యో పుట్టినరోజుకు కేకు కొనేద్దామంది మురియల్.

"ఇదొక్కటీ చెయ్యనీ," అంది జెమైమా. "ఇదీ మాడిందా, ఆ గుడ్డ తెచ్చి నీ చేతిలో పెట్టేస్తాను."

శనివారం పొద్దున్నే గిన్నె పొయ్యి మీదికెక్కింది. జెమైమా కుర్చీ దగ్గరికి జరుపుకుని, కొయ్య గరిటె ఒక కొస మూత మీద ఆనించి, రెండో కొస పళ్లతో పట్టుకుంది. చెవికందని సాసరు టకటక గరిటె వెంట పాకి దవడలో కొట్టుకుంది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. కానీ గంట గడిచేసరికి మెడ పట్టేసింది. ఇంకా రెండున్నర గంటలుంది.

అప్పుడే పక్కింటి ఎప్పీ తలుపు తోసుకుని వచ్చింది. అలవాటే.

"ఏమే, ఆకలికి గరిటె కూడా నమిలేస్తున్నావా?"

జెమైమా గరిటె ఒళ్లో దాచుకుంది. ఎప్పీ నవ్వబోయి ఆగింది. గిన్నె వైపు చూసింది, ఆమె చెవి వైపు చూసింది.

"ఎప్పట్నించే?"

"కొత్త సంవత్సరం ముందు నుంచి."

"మురియల్‌కి తెలుసా?"

"నువ్వు చెప్తే తెలుస్తుంది."

ఎప్పీ తనింట్లో చలిగా ఉందని గొణుగుతూ ఇంకో కుర్చీ లాక్కుని, అల్లుతున్న మేజోడు సంచిలోంచి తీసింది. రేవులో ఇద్దరూ ఒకే తొట్టి దగ్గర నిలబడిన వాళ్లు. కత్తికి తెగకుండా వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకునే రోజులవి. కుడిచేతికి ఎవరిది వాళ్లు కట్టుకోలేరు. చీకటితోనే లేచి ఒకరి చేతికి ఒకరు కట్టుకునేవారు.

సాసరు మందగించినప్పుడల్లా ఎప్పీ తలెత్తకుండానే సూదితో జెమైమా మణికట్టు తాకింది. జెమైమా కెటిల్‌లోంచి వేడినీళ్లు పోసింది. అలా నాలుగుసార్లు.

మధ్యాహ్నం సాండీ, మురియల్ వచ్చే వేళకు గుడ్డ విప్పారు. తోలు ఎక్కడా చిరగలేదు. తడి ఆరేలా నిప్పు ముందు పెడితే మెల్లగా నిగనిగలాడింది. మురియల్ వంగి అన్ని వైపులా చూసింది. సాండీ మాత్రం ఏమీ చూడలేదు, రెండో ముక్కకు పళ్లెం చాపాడు.

"సెప్టెంబర్‌లో నా పుట్టినరోజుకి కూడా నువ్వే చెయ్యాలత్తా," అంది మురియల్, కాస్త సిగ్గుపడుతూ.

ఆ మాట జెమైమాకు సగమే వినిపించింది. ఎప్పీ వైపు చూసింది.

ఎప్పీ మేజోడు మీంచి కళ్లెత్తలేదు. "సెప్టెంబర్లోనా? మాకు ఖాళీయే," అంది.