కట్టె గ్యాసు పౌలురాజు

పౌలురాజు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. చర్చిలో ప్రార్థన వేళ అందరూ కళ్లు మూసుకుంటే, అతను ఒక కన్ను తెరిచి పైన ఫ్యాను ఎలా తిరుగుతోందో చూస్తుంటాడు. అన్నం ముందు కూర్చున్నా కుడికాలు ఆడుతూనే ఉంటుంది.

"మీ కాలికి మోటారు ఎవరు బిగించారండీ? విప్పించేద్దాం," అంటుంది భార్య సరళకుమారి. ఆమె నోయిడాలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. రోజంతా మంచాల మధ్య తిరిగి తిరిగి ఇంటికొచ్చిన మనిషికి, ఇంట్లోనూ ఒకడు తిరుగుతూ కనిపిస్తే విసుగే మరి.

ఆ మోటారు బిగించింది తణుకు దగ్గర ఒక రైసు మిల్లు. కుర్రతనంలో అతను అక్కడ ఇంజను చూసుకునేవాడు. ఊకను పూర్తిగా మండనివ్వకుండా, గాలి తక్కువ పెట్టి మగ్గించి, దాన్నుంచి వచ్చే గ్యాసుతో ఇంజను తిప్పేవాళ్లు. అది డీజిల్ ఇంజనులా నమ్మకంగా నడిచేది కాదు. గ్యాసు పలచబడితే ఆయాసపడుతుంది, మురికి చేరితే దగ్గుతుంది. మాట్లాడుతున్నా, భోంచేస్తున్నా ఒక చెవి దాని మీదే ఉండాలి. అలా అలవాటైన చెవి, మిల్లు వాళ్లు ఆ యంత్రాన్ని పాత ఇనుము కింద అమ్మేశాక కూడా కాపలా మానలేదు. కాపలా కాయడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

ఆ ఏడే సరళకుమారికి ఢిల్లీ పక్కన ఈ ఉద్యోగం వచ్చింది. వెంట వచ్చాడు. ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్ సొసైటీలో లిఫ్టు ఆపరేటరుగా చేరాడు. ఎవరి వేలితోనైనా నొక్కగల బొత్తాలను నొక్కడానికి స్టూలు వేసి ఒక మనిషిని కూర్చోబెట్టారు. లిఫ్టు ఎప్పుడూ చెడిపోలేదు, అదే అతని బాధ. చర్చిలో కొత్తవాళ్లకు పరిచయం చేసేటప్పుడు "మన సరళ సిస్టర్ గారి భర్త" అనేవాళ్లు. అతను నవ్వి వందనాలు చెప్పి, బయటికి వెళ్లి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు.

నోయిడా నుంచి దాద్రి వైపు వెళ్లే దారిలో, మంచం దిగలేని ముసలివాళ్ల కోసం ఒక ఆశ్రమం ఉంది. ఎవరో ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రయోగం కోసం అక్కడ కట్టె గ్యాసు యంత్రం ఒకటి పెట్టి, చదువులు అయిపోగానే దాన్ని అక్కడే వదిలి వెళ్లిపోయారు. చెట్టు నాటి నీళ్లు పోసేవాడు లేనట్టు పడి ఉంది. పాస్టరుగారు చెబితే పౌలురాజు చూడడానికి వెళ్లాడు. నిలువెత్తు ఇనుప డ్రమ్ము, దాని పక్కన వడపోత గొట్టాలు, చివర ఇంజను, జనరేటరు. తుప్పు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఆ కాసేపూ అతని కాలు ఆడలేదని సరళకుమారి తర్వాత అందరికీ చెప్పింది. లిఫ్టు పని మానేసి, ఆ యంత్రం దగ్గరే చేరిపోయాడు.

చుట్టుపక్కల సొసైటీల వాళ్లు కొట్టి పారేసే గుల్‌మొహర్, వేప కొమ్మలు, ఖాళీ స్థలాల్లో పెరిగే సర్కారు తుమ్మ, ఇవీ దాని తిండి. కొమ్మలను అరచేతిలో పట్టేంత ముక్కలు కొట్టి, వానలు వెళ్లాక రేకుల మీద ఆరబోసి, రెండు ముక్కలు తాటిస్తే గలగలమనేదాకా ఎండబెట్టాలి. అప్పుడు పైనుంచి డ్రమ్ములో పోసి మూత బిగిస్తే, కిందికి దిగుతూ మగ్గి, ఎర్రటి బొగ్గుల గుండా గ్యాసై బయటికొస్తుంది. పచ్చికట్టె వేస్తే మాత్రం మంట చల్లబడి తారు పుడుతుంది. ఆ తారు ఇంజనులోకి వెళ్లి వాల్వులను జిగురులా పట్టేస్తుంది. గ్యాసులోని విషానికి వాసన ఉండదు, పీల్చితే ప్రాణం తీస్తుంది. అందుకే ఎంత చలిలోనైనా షెడ్డు తలుపులు బార్లా తీసి, పౌలురాజు బయట మఫ్లరు చుట్టుకుని తిరుగుతుంటాడు.

పొగమంచు కాలంలో తమ పాత డీజిల్ జనరేటరు వాడకూడదని, కాలుష్యం పేరిట ప్రభుత్వం వాళ్లు అన్నారని ఆశ్రమం వాళ్లు దాన్ని వదిలించుకున్నారు. కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్లను ఇన్వర్టరు కాసేపే మోయగలదు. తర్వాత దిక్కు కట్టె గ్యాసే. కానీ కిందటి చలికాలం అది రెండుసార్లు తారు పట్టి ఆగిపోయింది. ఆశ్రమం మేనేజరు వైశాలి ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తెలుగు అర్థమవుతుంది, నోటికి హిందీయే వస్తుంది. కోపం లేకుండానే చెప్పింది.

"అంకుల్, దేఖియే. ఇంకొక్కసారి నడుస్తూ ఆగిందంటే పాత ఇనుము కొనే కబాడీ వాడికి ఇచ్చేస్తాను. సోలార్ వాళ్లు వెంటపడుతున్నారు. నేను వీళ్ల ఊపిరితో ప్రయోగం చేయలేను."

ఆమె మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే అది పౌలురాజును మరీ పీడించింది. యంత్రం పోతే మళ్లీ స్టూలు, మళ్లీ బొత్తాలు.

డిసెంబరులో ఒక శనివారం ఆశ్రమంలో సెమీ క్రిస్మస్ పెట్టుకున్నారు. పండుగకు ముందే చర్చిచర్చికీ ఒకరోజు పాటలు, కేకు, భోజనం జరుపుకోవడం మనవాళ్ల అలవాటు కదా. బిర్యానీ బాధ్యత నాగేంద్రమ్మది. పాలకొల్లు నుంచి వచ్చి చాలా ఏళ్లయినా, గ్యాసు పొయ్యి మీద వండింది బిర్యానీయే కాదనే మనిషి.

పొద్దున్న పౌలురాజు ఇంజను కాసేపు తిప్పి చూసుకుంటుంటే ఆమె వచ్చింది.

"ఏం పౌలూ, పండగ పూట కూడా పెళ్లాన్ని వదిలేసి దీన్నే కౌగిలించుకున్నావా?"

"ఇది ఆయాసపడుతోందక్కా, ఉండు."

"పడనీలే. కట్టెలు తీసుకోనా?"

"తీసుకో అక్కా, కావలసినన్ని," అన్నాడు తల ఎత్తకుండా. అతని మనసులో ఉన్నది వంటశాల వెనక గోడవారన పడున్న దుంగలు. చెవి మాత్రం ఇంజను మీద ఉంది.

సాయంత్రం మంచు దిగుతుండగా పాటలు మొదలయ్యాయి. హాల్లో రంగు కాగితాల నక్షత్రం, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు, వెనక వరసలో మంచాలు. ఒక మంచం మీద సీతారత్నం టీచరుగారు. రిటైరైన బడి పంతులమ్మ, ముక్కుకు గొట్టం, పక్కన బుసబుసమనే ఆక్సిజన్ మిషను. రోజూ పౌలురాజు అటు వెళ్తే, "ఇవాళ నీ పొయ్యి అలిగిందా, వెలిగిందా?" అని అడుగుతుంది. వెలిగిందంటే మార్కులు వేస్తుంది. ఇంతవరకూ నూటికి ఎనభై దాటనివ్వలేదు.

రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు పేలిన చప్పుడు కూడా వినిపించింది. అంటే ఇప్పట్లో రాదు. పౌలురాజు అప్పటికే తలుపు దాటేశాడు.

షెడ్డులో కట్టెల తొట్టె నిండుగా ఉంది. గంప ముంచాడు. పైన రెండు గుప్పిళ్లు గలగలమన్నాయి. కింద చెయ్యి తడిగా తగిలింది. టార్చి వేశాడు. మోటుగా నరికిన పచ్చి దుంగముక్కలు, బెరడు మీద ఇంకా నాచు.

అతను పరుగెత్తింది ఇంజను దగ్గరికి కాదు, పొయ్యిల దగ్గరికి. పెరట్లో రాళ్ల పొయ్యిల మీద గిన్నెలు వరసగా దమ్ములో ఉన్నాయి. కింద ఎర్రటి నిప్పులు, మూతల మీద కూడా కుప్పగా నిప్పులు. పక్కన ఇంకా మండని కట్టెముక్కలు రెండు మూడు. అరచేతిలో పట్టేవి.

"అక్కా. షెడ్డులోవి తీశావా?"

"నువ్వే కదా తీసుకోమన్నావు. ఎండినవి ఉండగా పచ్చివి పొయ్యిలో ఎవడు పెడతాడు నాయనా? పిల్లల చేత దుంగలు కొట్టించి మళ్లీ నింపించేశానులే. నీ కట్టెలు నాకెందుకు?"

నాగేంద్రమ్మ చేబదులు ఉంచుకునే మనిషి కాదు. గ్లాసు పంచదార తీసుకుంటే గ్లాసు మీద గోపురం కట్టి తిరిగి ఇస్తుంది. తొట్టెనూ అలాగే, తీసిన దానికంటే ఎక్కువే పోయించింది. పైన కాసిని ఎండువి చల్లించడం కూడా అతనికి చేతికి ముందు మంచివి తగలాలనే.

అతనికి కోపం రావడానికి కూడా తీరిక లేకపోయింది. వెనకాలే వైశాలి వచ్చింది, ఫోను లైటు పట్టుకుని.

"అంకుల్, క్యా హువా? స్టార్ట్ కీజియే నా. ఇన్వర్టరు రెడ్ చూపిస్తోంది."

పచ్చివి వేస్తే యంత్రం లేస్తుంది, ఒక పావుగంట మంచిగానే నడుస్తుంది. తర్వాత తారు. నడుస్తూ నడుస్తూ ఆగుతుంది, ఆమె చెప్పినట్టే. వెయ్యకపోతే అసలు లేవదు. అతని కాళ్లు ఉన్నచోటే అడుగులు వేస్తున్నాయి, కాలు కాలిన పిల్లిలా. చూపు మాత్రం గిన్నె మూత మీద ఆగింది.

అవి అతని కట్టెలే. ఎండిన తుమ్మ, నీరు పోయి, పొగ పోయి, తారు పోయి, ఒట్టి బొగ్గై ఎర్రగా కూర్చుంది. డ్రమ్ములో కట్టె దిగుతూ దిగుతూ ఏమవుతుందో, అది ఇక్కడ ముందే అయిపోయింది.

"అక్కా, ఆ నిప్పులు నాకిచ్చెయ్."

"ఏ నిప్పులు?"

"అన్నీ. కిందవీ పైవీ."

నాగేంద్రమ్మ గరిటె అడ్డం పెట్టింది. "మతి ఉందా? దమ్ము మీదున్న గిన్నె మీంచి నిప్పు లాగడమంటే, పురిట్లో ఉన్నదాన్ని మంచం మీంచి లాగడమే. ఊళ్లోవాళ్లంతా తినాలి. పై బియ్యం పలుకు మిగిలిపోద్ది."

"మిగలనీ. లోపల టీచరుగారికి గాలి మిగలదు."

అదే వేళకు హాలు గుమ్మంలోంచి సరళకుమారి గొంతు వినిపించింది. అరవలేదు, ఆసుపత్రిలో పిలిచినట్టే పిలిచింది. "ఏమండీ, ఇన్వర్టరు ఆగింది. టీచరుగారి వేలి మీటరులో ఆక్సిజన్ దిగుతోంది. తొందరగా."

నాగేంద్రమ్మ గరిటె పక్కన పడేసింది. కొంగు నడుముకు దోపి, తనే పార తీసుకుని మొదటి గిన్నె మూత మీద నిప్పులు ఇనుప తట్టలోకి లాగింది. "చూస్తారేం పట్టండి," అని పాటలు పాడే కుర్రాళ్లను కేకేసింది.

తట్ట వెనక తట్ట వచ్చింది. పౌలురాజు నిచ్చెన మీద నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని నిప్పులను డ్రమ్ములోకి దించాడు. తొట్టె పైన దొరికిన ఎండు ముక్కలు, పొయ్యి పక్కన మిగిలినవి వాటి మీద పోసి మూత బిగించాడు. బ్లోయరు చేత్తో తిప్పేది. తిప్పాడు. గొట్టం చివర అగ్గిపుల్ల చూపిస్తే ముందు పసుపు మంట, ఊగిసలాడి, తర్వాత నీలం. జేబులోంచి తెల్ల రుమాలు తీసి గ్యాసుకు అడ్డం పట్టాడు. టార్చి వెలుగులో దాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. తారు మరక లేదు.

"మేడమ్, ఆక్సిజన్ మిషన్లు మాత్రమే. గీజర్లు, హీటర్లు, స్టేజి లైట్లు, మైకు, అన్నీ కట్టేయించండి. దీనికి ఇవాళ తిండి తక్కువ."

వైశాలి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, స్విచ్చి బోర్డు వైపు పరుగెత్తింది.

ఇంజను రెండుసార్లు మూలిగి మూడోసారి అందుకుంది.

ఆ తర్వాత సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పౌలురాజుకు మాత్రం అది తరగని సాయంత్రం. హాల్లో కొవ్వొత్తులు పెట్టి, మైకు లేకుండా పాటలు పాడుకున్నారు. అతను షెడ్డుకూ కిటికీకీ మధ్య తిరిగాడు. ఇటు ఇంజను, అటు కిటికీలోంచి బుసబుస. రెండూ ఒకే తాళంలో ఉన్నంతసేపు ఫరవాలేదు. ఒకసారి ఇంజను గొంతు మారింది. డ్రమ్ములో నిప్పులు ఒక పక్కకు జరిగి గుల్ల పడిందని ఊహించి, సుత్తి కర్రతో పక్కన మెల్లగా తట్టాడు, కక్కుకున్న పసివాడి వీపు తట్టినట్టు. సర్దుకుంది. అతను సర్దుకోలేదు. కిటికీలోంచి సరళకుమారి బొటనవేలు ఎత్తి చూపిస్తే కూడా, "నిజమేనా" అని చేత్తో అడిగాడు. ఆమె నొసలు కొట్టుకుంది.

బొగ్గు అడుగంటుతోందని ఇంజను చెబుతుండగా, ఇక పచ్చివి వేయాలా వద్దా అని తొట్టె దగ్గర నిలబడి ఉండగా, వీధి దీపాలు వెలిగాయి. కరెంటు మళ్లీ పోదని ఖాయం చేసుకునేదాకా ఆగి, మిషన్లను దాని మీదికి మార్చి, అప్పుడు గ్యాసు వాల్వు మూశాడు. ఇంజను నెమ్మదిగా చప్పుడు తగ్గించుకుని ఆగింది.

వైశాలి గుమ్మంలో నిలబడి ఉంది. "బంద్ హో గయా?"

"అది ఆగలేదు మేడమ్. నేను ఆపాను."

ఆమె కొంతసేపు తొట్టెలోకి చూసింది. ఒక పచ్చి ముక్క తీసి, గోటితో బెరడు గీరి, మళ్లీ వేసేసింది. లోపలికి వెళ్లిపోయింది. కబాడీ సంగతి ఆమె ఎటు తేల్చుకుందో పౌలురాజుకు తెలియలేదు.

భోజనాల్లో బిర్యానీ అడుగున బాగుంది, పైన నిజంగానే పలుకు. నాగేంద్రమ్మ వడ్డిస్తూ ప్రతివాళ్లకూ చెబుతోంది: "నా చేతి తప్పు కాదమ్మా, నిప్పు పౌలు ఎత్తుకుపోయాడు. ఆ డ్రమ్ము పొట్టలో పోసుకున్నాడు." సీతారత్నం టీచరుగారు గొట్టం సర్దుకుని, ఊపిరి కూడదీసుకుని, "ఎనభై రెండు," అంది. రెండు మార్కులు దేనికో చెప్పలేదు.

పౌలురాజు కుర్చీలో కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో లేవబోయాడు.

"కరెంటు ఉంది కదండీ. ఎక్కడికి?" అంది సరళకుమారి, మణికట్టు పట్టుకుని.

"వడపోత ఒకసారి విప్పి చూసి..."

"చెయ్యి కడిగాక చూద్దురుగాని."

కూర్చున్నాడు. బల్ల కింద కుడికాలు మొదలైంది. ఆమె తన కాలు దాని మీద పెట్టి అదిమింది.

వైశాలి కేకు పళ్లెం పట్టుకుని వాళ్ల బల్ల దగ్గర ఆగింది. ఒక ముక్క అతని ఆకులో పెట్టింది.

"అంకుల్, సోమవారం ఆ షెడ్డుకి ఒక మంచి తాళం కొనండి. దో చాబీ వాలా. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర." నాగేంద్రమ్మ వైపు చూసి, "ఆంటీకి మాత్రం ఇవ్వకండి," అని వెళ్లిపోయింది.

పౌలురాజు కేకు ఉన్న ఆకును పక్కకు జరిపాడు. తాళం సంగతి సరే. తొట్టెలోని ఆ పచ్చి ముక్కలన్నీ తీసి ఆరబోయాలి. ఎండ ఎక్కడిది ఈ మంచులో? ఇంజను మీది వేడి గొట్టం పక్కన రేకు వేసి పరిస్తే, నడిచినప్పుడల్లా దాని వేడికే ఎండుతాయేమో. రేకు ఎంత వెడల్పు పడుతుందో వేళ్లతో బల్ల మీద కొలవసాగాడు.

ఆమె పాదం కింద కాలు మళ్లీ ఆడుతోంది. సరళకుమారి ఈసారి పాదం తీసేసి, తన బిర్యానీ తాను తింది.