పది నుంచి పదకొండు దాకా

మా ఆయన ఏబేలు చెడ్డవాడు కాదు. ముందే చెప్తున్నాను, తర్వాత నేను తిట్టిన తిట్లు విని మీరు వేరేగా అనుకోకూడదని. తాపీ మేస్త్రీ. కొనకనమిట్ల నుంచి గిద్దలూరు దాకా ఆయన ప్లాస్టరింగ్ చేసిన గోడలు ఎన్నో ఉన్నాయి. తాగడు, పేకాడడు. ఉన్నదల్లా ఒక్క పాము పిచ్చి.

పాము అంటే ఫోనులో పాము. పెళ్లికి ముందు కొనుక్కున్న బటన్ ఫోనులో, చుక్కల్ని తింటూ పొడుగవుతూ పోయేది, ఆ ఆట. అన్నం వేళ ఇటుకల మీద కూర్చుని ఆడేవాడట. ఆ ఫోను ఏనాడో సిమెంటు నీళ్లలో పడిపోయింది. మొన్నామధ్య మా కూతురు రూబీ టచ్ ఫోనులో అదే ఆట ఎక్కించి ఇచ్చింది. తెర మీద అవే బటన్లు, అదే కీచుమనే చప్పుడు. ఇక చూడాలి మనిషి సంబరం!

అప్పుడే మా తోడికోడలు యేసుమణి అక్కకు ఒంగోలులో కడుపు ఆపరేషన్ అన్నారు. గడ్డ పెద్దది, ఏమీ చెప్పలేం అన్నారు. ఇట్లాంటప్పుడు మా సంఘంలో గొలుసు ప్రార్థన పెడతారు. తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా మనిషికొక గంట. తన గంట అయిపోగానే తర్వాతి వాళ్లకు ఫోను చేసి అప్పగించాలి. మధ్యలో తెగకూడదు. ఆపరేషన్ పదింటికి. ఆ గంట తనకే కావాలని మా ఆయన అడిగి మరీ రాయించుకున్నాడు. ఆయన పరంజా మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నప్పుడు మూడు రోజులు ఉపవాసముండి మోకాళ్ల మీద ప్రార్థించింది ఆ వదినే.

ఆ రోజు నేను మిరపకాయల కోతకు పోయాను. సాయంత్రం వచ్చేసరికి ఈయన ముఖం మాడిపోయి ఉంది. ఆపరేషన్ బాగా జరిగిందని అప్పటికే కబురొచ్చింది. మరి ఈ వాలకం ఏమిటి?

"టైము చూద్దామని ఫోను తీసినా మణెమ్మా. గుండె దడదడలాడతా ఉండె. ఒక్క ఆట ఆడి, కుదుటపడినాక మొదలుపెడదామనుకున్నా. పాము చావలే. ఎన్నడూ అంత పొడుగు కాలే. చూస్తే పదకొండు."

"మరి తర్వాతి గంట జాకబ్ అన్నది కదా, ఆయనకు ఫోను చేయలే?"

"చేసినా. నా గంట అయిపోయిందన్నా, నువ్వు అందుకో అని చెప్పినా."

ఓరి దేవుడా! ఒళ్లు మండిపోయింది నాకు. "నీ మొగం మండ! పెద్ద మొనగాడి మాదిరి అడిగి రాయించుకుంటివి కదయ్యా!" అని నోటికొచ్చినట్లు తిట్టాను. ఆ వారమంతా ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోవడమే.

నెల తర్వాత అక్క చర్చిలో నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. "నన్ను బల్ల మీదికి ఎక్కించినప్పుడు కాళ్లు వణికినాయి. గోడ గడియారం చూసినా. పది. మా ఏబేలు మోకాళ్ల మీద ఉంటాడులే అనుకున్నా. అంతే, వణుకు ఆగిపోయింది." అందరూ స్తోత్రం అన్నారు. మా ఆయన తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక నేనే పట్టుబట్టాను. "పోయి చెప్పు. ఎన్నాళ్లు కడుపులో పెట్టుకుని కుళ్లిపోతావు?"

ఇద్దరం వెళ్లాం. ఆయన ఏడుస్తూ అంతా చెప్పాడు. అక్క తిడుతుందేమో అనుకున్నాను. పోనీలే అంటుందేమోనని ఆశ కూడా పడ్డాను. రెండూ కాలేదు. మంచం పట్టె పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"వచ్చే నెల మళ్ల రమ్మన్నారు ఏబేలూ. ఇంకో గడ్డ ఉందంట. ఎవరికీ చెప్పలే నేను," అంది. "ఆ పదింటి సంగతి తలుచుకుంటా ధైర్యంగా ఉన్నా. ఎందుకు చెప్పినావు నాయనా?"

ఆయన నా వైపు చూశాడు. చెప్పమని తరిమింది నేనే కదా.