మా ఊరి పేజీలోంచి తీసేసిన మాట

మా కొండల్లో నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం చెయ్యడం కాదు. ఇద్దరు గుంటలు, అంటే ఆడపిల్లలు, సంతలో ఒకే రంగు గాజులు కొనుక్కుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం ముక్క పెట్టి, పెద్దవాళ్ళెవరో ఒకరి ముందు "ఇకమీదట ఇది నా నేస్తం" అనుకుంటే, ఇక బతికున్నంతకాలం పేరుపెట్టి పిలుచుకోకూడదు. నేస్తం అనే పిలవాలి. నోరు జారి పేరు అన్నావంటే నలుగురూ నవ్వుతారు, తప్పుకింద ఒక కోడి కూడా ఇచ్చుకోవాలి. నేను ఏడో తరగతిలో ఉండగా ముంచింగిపుట్టు సంతలో ఒక గుంటతో నేస్తం కట్టాను. వాళ్ళ నాన్న మా ఊరి దేవతకి పూజారి. మా అయ్యేమో మా ఊళ్ళో మొట్టమొదట బైబిలు పట్టుకున్న మనిషి. అప్పట్లో అది ఎవరికీ విడ్డూరంగా అనిపించలేదు.

ఆశ్రమ పాఠశాల హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకటే ట్రంకుపెట్టె. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, దానికేమో ఎంతసేపూ నవ్వే. నేను అలిగి మూల కూచుంటే, "ఏటే నేస్తం, మూతి అలాగెట్టినావు, కందిరీగ కుట్టినాదేటి?" అని నవ్వించేదాకా వదిలేది కాదు. ఊళ్ళో పండగలకి ఆడవాళ్ళు చేతులు కలిపి వరసగా థింసా ఆడేటప్పుడు మా ఇంటివాళ్ళం ఆడకూడదని పాస్టరుగారి మాట. నేను గట్టుమీద కూచుని కాళ్ళు ఊపుకుంటూ చూసేదాన్ని. అది కాసేపు ఆడి, వరస వదిలేసి వచ్చి నా పక్కన కూలబడేది. "నువ్వు లేకపోతే నాకేటి సరదా" అనేది. క్రిస్మస్ ముందు మా ప్రార్థన గుడిసె నేల అలికేది కూడా అదే. పూజారి కూతురు వచ్చి యేసుప్రభువు ఇల్లు అలుకుతోందని మా అయ్య మురిసిపోయేవాడు. ఇప్పుడు అరకులో ఉన్నానన్నమాటే గానీ, చలికాలం వలిసె చేలు పచ్చగా పూసినప్పుడల్లా నాకు ఆ గుంటే గుర్తొస్తుంది.

పదో తరగతి తప్పిందని దాన్ని ఇంటిదగ్గర ఉంచేశారు. నేను ఇంటర్ చదవడానికి పాడేరు వెళ్ళాను. రెండో ఏడు, ఎండాకాలం మొదట్లో వచ్చే ఇటుకల పండగ రోజుల్లో, ఊళ్ళో గొడవైందని తెలిసింది. వారం తర్వాత పరీక్షలు ముగించుకుని జీపెక్కి వచ్చాను. దారిలో జీపులోవాళ్ళే చెప్పారు: మైదానం నుంచి కొత్తగా వచ్చిన బోధకుడి మాటలు విని మా సంఘం కుర్రాళ్ళు దేవత రాళ్ళు పగలగొట్టారట, రెండు రోజులకి మా ప్రార్థన గుడిసె తగలబడిందట. ఇంటికి వచ్చేసరికి అయ్య కుడిచేతికి వెదురుబద్దల కట్టు.

అప్పటికే పెద్దలు కూచుని తగువు తీర్చేశారు. మావాళ్ళ తీరు అది. కాలిన వాసం ముక్క ఒకటీ, పగిలిన రాయి ముక్క ఒకటీ ఒకే గోతిలో పూడ్చి, మట్టిమీద నీళ్ళు పోసి, "ఈ మాట ఇక్కడితో సరి, ఎవరూ ఎత్తకూడదు" అని రెండు వైపులవాళ్ళ చేతా ఒట్టు వేయించారు. ఒకే కుండలో చోడి అంబలి, అదే రాగి జావ, అందరూ తాగారు. పోలీసు కేసు లేదు, పేపర్లో రాలేదు. ఊరంతా నోరు కుట్టేసుకుంది. మా అమ్మ అంతకు చాలా ముందే పోయింది, ఇంట్లో ఇంకెవరూ లేరు చెప్పడానికి. అయ్య చెయ్యి ఆ గుడిసె కాల్చినవాళ్ళే విరగ్గొట్టారని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఇంకో అనుమానం కూడా కడుపులో పెట్టుకున్నాను. రాళ్ళు పగలగొట్టినవాళ్ళలో అయ్య కూడా ఉన్నాడేమోనని. అడగలేదు. అవునంటాడేమోనని భయం.

నేను వచ్చిన మర్నాడు నేస్తం మా దడి బయటికొచ్చి పిలిచింది.

"నేస్తం! ఓ నేస్తం! ఒకపాలి బేగి రాయే, నీకో మాట సెప్పాల!"

నేను లోపల పొయ్యి ముందు కూచుని కదల్లేదు. వాళ్ళ మనుషులు మా అయ్య చెయ్యి విరగ్గొట్టి, ఇప్పుడేం మొహం పెట్టుకుని వచ్చిందని పళ్ళు నూరుకున్నాను. అది మూడుసార్లో నాలుగుసార్లో పిలిచింది. తర్వాత వెళ్ళిపోయింది. ఆ ఏడే దానికి పెళ్ళి చేసి ఒరిస్సా వైపు పంపేశారు. అక్కణ్ణించి చింతూరు వచ్చి ఉంటోందని కొన్నేళ్ళకి ఎవరో అన్నారు. నాకు తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. పది అడుగుల దూరం కూడా లేదు ఆ దడి!

పదేళ్ళు గడిచాయి. నాకు అరకులో టీచరు ఉద్యోగం వచ్చింది. రైల్వేస్టేషను దారిలో ఒక నెట్ సెంటర్ తెరిచారు. కరెంటు ఉంటే నెట్ ఉండేది కాదు, నెట్ ఉంటే కరెంటు ఉండేది కాదు. తెలుగులో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉందని మా లెక్కల మాస్టారు చూపించారు. మా ఊరి పేరు కొడితే, ఆశ్చర్యం, మా ఊరికీ ఒక పేజీ ఉంది! ఫలానా మండలంలోని గ్రామం అని ఒక్క వాక్యం, అంతే. నా ఒళ్ళు పులకరించింది. ఒక మారుపేరు పెట్టుకుని రాయడం మొదలెట్టాను. సామలు, చోళ్ళు, రాజ్‌మా, కాఫీ, సంతకెళ్ళే దారి, ఊరి పక్కన పారే గెడ్డ, బడి అన్నీ రాశాను. రెండు నెలలయ్యాక చెయ్యి ఊరుకోలేదు. ఫలానా రోజుల్లో ఆ ఊళ్ళో ప్రార్థన గుడిసె కాల్చారనీ, కాల్చినవాళ్ళు ఒక పెద్దమనిషి చెయ్యి విరగ్గొట్టారనీ రాశాను. ఒట్టు నేను వెయ్యలేదు కదా, నాకేటి అడ్డం అనుకున్నాను.

వారం గడిచాక ఆ పేజీ చూసుకునే నిర్వాహకుడు "ఆధారం చూపండి" అని రాశాడు. ఆధారమే కదా, దానికేం భాగ్యం అనుకుని ఊరెళ్ళాను. మా కొండల్లో మాటకి ఆధారమంటే మనిషి. మా సంఘంలోని ముగ్గురు ముసలమ్మల దగ్గర కూచుని, "గుడిసె కాలింది నిజం" అని కాయితం రాసి వేలిముద్రలు వేయించాను. ఒట్టు సంగతి వాళ్ళకి గుర్తుంది, కానీ గుడిసె కాలిందనడంలో తప్పేముందని వేలిముద్ర వేశారు. చెయ్యి సంగతి వాళ్ళూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. అయ్యని మాత్రం ఎంత బతిమాలినా వెయ్యలేదు.

"పూడ్సినదాన్ని తవ్వకే" అన్నాడు.

తప్పు చేసినవాడే కదా దాచుకునేది, అని నా అనుమానం ఇంకొంచెం బలిసింది. ఆ కాయితాన్ని నెట్ సెంటర్లో స్కాన్ చేయించి ఎక్కించాను. ఆ నిర్వాహకుడు పాపం మంచివాడే, మర్యాదగానే చెప్పాడు: వేలిముద్రలు ఆధారం కావు, పత్రికో పుస్తకమో ప్రభుత్వ నివేదికో కావాలి. ఇంకెక్కడి పత్రిక! మా ఊరికి పోస్టు కార్డు రావడమే వారం పట్టేది. బతికున్న మనుషులు చెప్తే చెల్లదట, అచ్చులో ఉంటేనే చెల్లుతుందట. నెట్ సెంటర్లో అందరూ తలెత్తి చూసేలా తిట్టాను.

సరిగ్గా అప్పుడే ఇంకొకరు దిగారు. పేరు పెట్టుకోకుండా రాసినట్టున్నారు, పేరుండాల్సిన చోట ఉత్త అంకెలే. నా వాక్యం పైన ఒక వాక్యం చేర్చారు: "అంతకు రెండు రోజుల ముందు ఆ ఊరి క్రైస్తవ యువకులు దేవత రాళ్ళను పగలగొట్టారు." ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు చూడండి, నా పరిస్థితి అదే. తీసేశాను. మళ్ళీ పెట్టారు. తీసేశాను. బడి అవ్వగానే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నెట్ సెంటర్‌కి పరిగెత్తడం, ఆ వాక్యం ఉందేమో చూడడం, తీసెయ్యడం. ఇదే పని. ఎవడో పట్నంలో కూచున్న మతపిచ్చిగాడనుకుని, వాదించుకోడానికి పక్కనే ఉండే చర్చ పేజీలో నోటికొచ్చినట్టు రాశాను. అవతలివాళ్ళు ఒక్క మాట తిరిగి అనలేదు. నా గుడిసె వాక్యాన్ని కూడా ఎప్పుడూ ముట్టుకోలేదు. నేను మాత్రం వాళ్ళది తీస్తూనే ఉన్నాను. చివరికి నిర్వాహకుడికి విసుగొచ్చి, ఎవరూ మార్చకుండా పేజీకి తాళం వేసేశాడు.

అప్పుడు ఆ అంకెల మనిషి చర్చ పేజీలో రాసిన మాటలివి. నేను అక్కడే కాయితం మీద ఎక్కించుకున్నాను.

"రాళ్ళు పగిలింది నిజం. గుడిసె కాలింది నిజం. రెండూ నేను చూశాను. గుడిసె కాల్చినవాళ్ళు మావాళ్ళే, కాదనను. కానీ పెద్దాయన చెయ్యి విరిచింది వాళ్ళు కాదు. మా నేస్తం వాళ్ళ అయ్య ఆరోజు దేవత రాళ్ళ మీద అడ్డంగా పడుకున్నాడు, కొట్టొద్దురా అని. వాళ్ళ సంఘం కుర్రాళ్ళు వేసిన గునపం దెబ్బ ఆయన చేతిమీద పడింది. ఇది మా నేస్తానికి చెప్దామని వెళ్ళాను. తను బయటికి రాలేదు."

ఎదురుగా స్క్రీను, పక్కన ఎవరో రైలు టికెట్ల గురించి అరుస్తున్నారు. ఇన్ని రోజులూ నేను పోట్లాడింది దానితోనా? నేను తిట్టిన తిట్లన్నీ దాన్నా? నేనెవరో తెలిసి రాసిందో, తెలియకే రాసిందో. కింద గబగబా కొట్టాను: "నేస్తం, నువ్వేనా? నేనే. ఎక్కడున్నావు? తప్పు నాదే. ఒక్క మాట రాయి."

జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. వారానికి నిర్వాహకుడు తాళం తీసి, ఆధారాలు లేవని రెండు వాక్యాలూ తొలగించాడు. చర్చ పేజీలో నేస్తం చెప్పింది కూడా సొంత సాక్ష్యం కాబట్టి వ్యాసంలోకి పనికిరాదని తేల్చాడు. నేను ఈసారి పోట్లాడలేదు. చేతి గురించి నేను రాసింది అబద్ధమని ఒప్పుకుని సంతకం పెట్టాను. అంకెలకి ఉత్తరం రాయడమెలాగో లెక్కల మాస్టారిని అడిగాను. కుదరదన్నారు. చింతూరు వెళ్ళే మనుషులు దొరికినప్పుడల్లా అడిగాను. పెళ్ళయి వెళ్ళిన గుంటని ఊళ్ళో ఎలా పిలుస్తారో, ఇంటిపేరేమిటో తెలియకుండా ఎవరు చూపిస్తారు? పేరు చెప్పానా అంటే చెప్పాను కూడా, కట్టుబాటు పక్కనపెట్టి. అయినా దొరకలేదు.

దసరా సెలవులకి ఊరెళ్ళాను. అయ్య అరుగుమీద కూచుని ఎడమచేత్తో రాజ్‌మా గింజలు ఏరుతున్నాడు. ఆ కుడిచెయ్యి ఎప్పుడూ పూర్తిగా చాపుకోలేదు. పక్కన కూచుని కాయితం తీసి చదివాను.

"మళ్ళీ సదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను.

"ఆ గుంట సూసినాదేటి!" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ కుర్రోళ్ళు తప్ప ఎవులూ సూడనేదనుకున్నాను. ఎక్కడున్నాదే ఇప్పుడు?"

"తెలీదయ్యా. ఎంత వెతికినా దొరకలేదు."

"నీ కోసం ఒట్టు దాటినాది, సూడు" అన్నాడు. ఇంకో గుప్పెడు గింజలు ఏరాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "మరి నువ్వేటనుకున్నావే ఇన్నాళ్ళూ?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "నువ్వు కూడా రాళ్ళు కొట్టావనుకున్నాను" అన్నాను.

కోపం వస్తుందనుకున్నాను. వచ్చినా బాగుండేది.

"ఒక్కపాలి అడగనేకపోయినావా?" అన్నాడు మా అయ్య. "నువ్వడిగితే ఆ ఒట్టు తీసి గట్టునెట్టీవోణ్ణి కాదేటే?"