సత్తయ్య కానిస్టేబులు వేషం

కొబ్బరినూనెలో జింకు పొడి కలిపిన వాసన ఇప్పుడు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తగులుతుంది. మొన్న మనవరాలి బడి వార్షికోత్సవంలో, పిల్లల ముఖాలకు రంగులు పూస్తున్న గది ముందు తగిలింది. ఆ వాసన వెంటే ఒక ఎండాకాలపు పగలు వచ్చి నిలబడుతుంది. తార్నాకలో మా ఇంటి గేటు తోసుకుని నలుగురు మనుషులు ఒక కానిస్టేబులును మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. ఎడమ కణత మీద నుంచి కారిన నెత్తురు చెంపల రంగును చీల్చుకుంటూ పెట్టుడు మీసంలోకి దిగింది. రంగు తుడవడానికి ఎప్పటిలాగే సిద్ధం చేసుకున్న పాత పంచె గుడ్డను మా అమ్మ ఆయన తలకు అదిమిపెట్టింది. ఆయన నిజం కానిస్టేబులు కాదు. పేరు సత్తయ్య, యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. రాయి విసిరినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

అది అరవై తొమ్మిది. నాకు పదేళ్లు. మా నాన్న అనంతపురం జిల్లా నుంచి వచ్చి యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగంలో కుదురుకున్నవాడు. పొద్దంతా పుస్తకాలకు నంబర్లు వేసి, సాయంత్రం నాటకాలు రాసి ఆడించేవాడు. ఆయన నడిపిన నాటక సమాజంలో లెక్చరర్లు, గుమాస్తాలు, ల్యాబు అటెండర్లు ఉండేవాళ్లు. ఎవరికీ జీతం లేదు, నాటకానికి టిక్కెట్టు లేదు. యూనివర్సిటీవాళ్లు రేకుల కప్పున్న ఒక పాత హాలు ఇచ్చారు. ఏడాదికొకసారి బస్సు కూడా ఇస్తే భువనగిరి, జనగామ దాకా పోయి బడి మైదానాల్లో ఆడి వచ్చేవాళ్లు.

ఆ హాలుకు నీళ్ల పంపు లేదు. అందుకని వేషాలు మా ఇంట్లో వేసుకోవడం, మళ్లీ మా ఇంటికే వచ్చి బావి దగ్గర రంగు కడుక్కోవడం అలవాటైంది. క్యాంపస్‌కూ తార్నాకకూ మధ్య బండరాళ్ల పక్కగా, సీతాఫలం పొదల గుండా ఒక అడ్డదారి ఉండేది. వానలు వెనకబట్టి పండ్లు కన్ను విప్పే రోజుల్లో, మెట్టుగూడ వైపు నుంచి రైలు కూతలు వినిపిస్తుండగా, ఆ దారిన కిరీటాలూ గదలూ ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చేవి. మేము గోటీలు, అచ్చనగండ్లు ఎక్కడివక్కడ పారేసి ఎదురు పరిగెత్తేవాళ్లం. ఒకసారి చరిత్ర లెక్చరరు యముడు, సత్తయ్య మామ యమభటుడు. పాలు పోసే రాజమ్మ గేటు దగ్గర వాళ్లకు అడ్డం నిలబడి, "ఇయ్యాల ఎవల కోసమొచ్చిండ్రయ్యా?" అంది. "పాలల్ల నీళ్లు కలిపెటోళ్లను తీస్కపోను వచ్చినమక్కా, చెంబు గీడ వెట్టి నడువు," అన్నాడు సత్తయ్య మామ.

రంగులు కడిగాక అమ్మ అందరికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టేది. సద్దుల బతుకమ్మ నాడు వెనక వీధి నుంచి సత్తయ్య మామ భార్య మల్లమ్మత్త మాకు మలీద ముద్దలు, నువ్వుల పొడి పంపేది.

సత్తయ్య మామ గొంతు హాల్లో చివరి బల్ల దాకా పోయేది. అయినా ఆయనకు ఎప్పుడూ నౌకరు వేషమే, లేకపోతే భటుడి వేషం. రాజుల మాట ఆయన నోట పలకదని సమాజంలో అందరి నమ్మకం. ఆయన తన యాసలో నోరు విప్పితే చాలు, జనం నవ్వేవాళ్లు. ఒకరోజు బావి గట్టు మీద ముఖం తుడుచుకుంటూ నాన్నతో అన్నాడు: "నేను నోరు తెరిస్తె నవ్వుతరు సార్. ఏడిసినా నవ్వుతరు. ఒక్కపారి నవ్వకుండ కూసుండెటట్టు రాయుండ్రి."

నాన్న ఆ మాట మీద ఆరు నెలలు కూర్చుని నాటకం రాశాడు. సొంత ఊరివాళ్లను కొట్టమని పై అధికారి చెబితే లాఠీ కింద పెట్టేసిన ఒక కానిస్టేబులు కథ. మొదటి నుంచి చివరి దాకా హీరో సత్తయ్య మామ మాటే మాట్లాడతాడు. "గట్లనరు సార్" అని ఆయన ఒక్కో వాక్యం దిద్దుతుంటే నాన్న కొట్టేసి మళ్లీ రాసుకునేవాడు. మెట్టుగూడ దర్జీ ఒకతను ఖాకీ నిక్కరు, చొక్కా కుట్టాడు. రెండంకాల రిహార్సలు పూర్తయ్యేసరికి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌లోకి వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి. హాస్టళ్ల ముందు పోలీసు లారీలు నిలిచాయి. గాలి తిరిగినప్పుడు బాష్పవాయువు మా పెరటి దాకా వచ్చి, అమ్మ కళ్లు తుడుచుకుంటూ బియ్యం ఏరేది. ఒక పొద్దున మా గేటు మీద బొగ్గుతో 'వాపస్ పో' అని రాసి ఉంది. అమ్మ తడిగుడ్డతో తుడిచేసింది.

మా అన్న రఘుకు పదిహేడేళ్లు. స్నేహితులంతా ఇక్కడివాళ్లే. "ఏందిరా సీమోడా" అని వాళ్లు ఏడిపిస్తే నవ్వేవాడు. ఆ ఎండాకాలం నవ్వడం మానేసి, జులూసుల్లో వాళ్లకంటే ముందు నడవడం మొదలుపెట్టాడు.

ఇప్పట్లో పోలీసు నాటకం వద్దని సమాజంలో చాలామంది అన్నారు. నాన్న వినలేదు. సత్తయ్య మామా వినలేదు. "నేను జులూస్ల నడిసినోన్నే సార్. గా కానిస్టేబులు మనోడే గద, ఆపకుండ్రి," అన్నాడు.

ఆ ఆదివారం పూర్తి వేషాలతో రిహార్సలు పెట్టుకున్నారు. నాన్న, సత్తయ్య మామతో కలిపి వచ్చినవాళ్లు నలుగురే. పదకొండు దాటాక మెయిన్ గేటు దగ్గర లాఠీచార్జి జరిగిందని కబురొచ్చింది. మిగిలిన ఇద్దరివీ మామూలు బట్టల వేషాలే, సైకిళ్ల మీద వెళ్లిపోయారు. సత్తయ్య మామ సొంత బట్టలు మా ఇంట్లో దండెం మీద ఉన్నాయి. ఆ తరువాత జరిగిన మాటలు నాన్న మాకు ఎన్నోసార్లు చెప్పాడు.

"గీ బట్టలతోనా సార్?"

"రోజూ పొయ్యే దారే గదప్పా. నువ్వు ముందు పో, నేను బీగమేసి వస్తా."

అడ్డదారి రోడ్డులో కలిసేచోట రోడ్డు పనికి తెచ్చిన ఎర్ర కంకర కుప్ప ఉండేది. అక్కడ పిల్లలు గుమిగూడి ఉన్నారు. వాళ్లకు కనిపించింది ఒంటరిగా వస్తున్న కానిస్టేబులు.

నేను బావి దగ్గర అచ్చనగండ్లు ఆడుకుంటున్నాను. అన్న వెనక గోడ దూకి వచ్చాడు. మోచేతుల దాకా ఎర్ర దుమ్ము. "ఒక చేద నీళ్లు పోయవే," అన్నాడు. పోశాను. చాలాసేపు కడుక్కున్నాడు. ఇంతలో వీధి వైపు కేకలు, గేటు చప్పుడు. "రఘూ, రిక్షా పిలువురా" అని అమ్మ అరిచేసరికి వాడు పెరట్లో లేడు.

సత్తయ్య మామ రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది, మాట పోయింది. నాలుక తిరిగేది కాదు. ఒక్కో మాటా ముక్కలై, పక్కన కూర్చున్నవాళ్లకు కూడా సరిగా అందేది కాదు. పోలీసు ఇన్‌స్పెక్టరు మా ఇంటికి ఒక ఫిర్యాదు కాగితం తెచ్చాడు. వీధిలోని ఐదారుగురు పిల్లల పేర్లు ముందే రాసి ఉన్నాయి. అందులో అన్న పేరు లేదు. నాన్న సంతకం పెడితే కేసు. నాన్న ఆసుపత్రికి పోయి, సంతకం పెట్టమంటావా అని అడిగాడు. నేనూ వెంట ఉన్నాను. సత్తయ్య మామ చెమటలు పట్టేదాకా ప్రయత్నించి, "పోరలు... సార్... బట్టల్ని... కొట్టిండ్రు," అన్నాడు.

నాన్న సంతకం పెట్టలేదు. సత్తయ్య వద్దన్నాడని అందరికీ చెప్పాడు. "అదొక్కటేనా?" అని అమ్మ అడిగితే పెరట్లోకి పోయి బావిలో చేద వేశాడు.

ఆ నాటకం ఆడలేదు. సమాజం మళ్లీ కూడలేదు. సత్తయ్య మామ ఇంకో పన్నెండేళ్లు ల్యాబులో గాజు సామాను కడిగి, అలాగే పోయాడు. అన్న ఆ వెనక వీధిలో అడుగు పెట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ హాలు ఉన్నచోట బండ్లు నిలుపుతున్నారు. అడ్డదారికి గోడ కట్టేశారు. మా ఇల్లు పోయి అపార్ట్‌మెంటు వచ్చింది, బావిని పూడ్చి దాని మీద జనరేటరు పెట్టారు. నాన్న, అమ్మ, మల్లమ్మత్త లేరు.

పోయిన ఏడాది సత్తయ్య మామ కూతురు స్వరూప ఫోన్ చేసింది. ఆమెకూ అరవై దాటాయి. అవీ ఇవీ మాట్లాడి, "అక్కా, మా నాయన్ను కొట్టింది ఎవలో మీ నాయన ఎన్నడన్న జెప్పిండా?" అంది. లేదన్నాను. అది నిజమే.

"రఘన్న గప్పుడు గాడ్నే తిరుగుతుండె గద. ఆయనకేమన్న యాదికున్నదేమో."

"అడుగుతా," అన్నాను.

అన్న రామంతాపూర్‌లో ఉంటాడు. రెండు ఆదివారాలకొకసారి వాళ్లింటికి పోతాను, ఇద్దరం కలిసి భోంచేస్తాం. ఇంకా అడగలేదు.