మైకు బాబాయి నోరు విప్పని ఆట

పొలాల మధ్య రైలు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పే నాథుడు లేడు. అలాంటి సమయాల్లో ఎవరూ అడగకపోయినా సంజాయిషీ చెప్పే మనిషి ప్రతి పెట్టెలోనూ ఒకడుంటాడు. ఆ పెట్టెలో మైకు బాబాయి ఉన్నాడు. "వెనక బండికి దారిస్తున్నారు, ఎవరూ కంగారు పడొద్దు, మరి కాసేపట్లో కదులుతుంది" అని గంభీరంగా ప్రకటించి, ఆ కాసేపూ వృథా పోకుండా సీటు కింద నుంచి ఒక చెప్పుల డబ్బా బయటికి లాగాడు.

డబ్బాలో చెప్పులు లేవు, ఆట ఉంది. గళ్ళు గీసిన అట్ట, రంగురంగుల పావులు, ఒక పాచిక, చేత్తో రాసిన చీట్ల కట్ట. ఆట పేరు 'ప్లాట్‌ఫారం'. రూపకర్త, ప్రచారకర్త, అప్పటికి ఏకైక అభిమాని కూడా బాబాయే.

బాబాయి స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసి రిటైరయ్యాడు. జీవితంలో మంచి భాగమంతా ఒక గాజు గదిలో కూర్చుని "ప్రయాణికులు దయచేసి గమనించగలరు" అంటూ వచ్చే బండినీ పోయే బండినీ లోకానికి ఎరుకపరిచాడు. బండి వెళ్ళిపోతుంటే "మీ ప్రయాణం శుభప్రదమగు గాక" అని సాగనంపకుండా ఒక్కనాడూ ఊరుకోలేదు. చివరికి ఆ గదిలోకి ఒక యంత్రం వచ్చింది. దానికి జలుబు చెయ్యదు, సెలవు అక్కర్లేదు, పైవాళ్ళతో పేచీ లేదు. తన గొంతు లేక జనం ఏమైపోతున్నారో చూద్దామని బాబాయి మర్నాడు టిక్కెట్టు కొనుక్కుని మరీ ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాడు. జనం ఏమీ అయిపోలేదు. ఒక్కడు కూడా తలెత్తి స్పీకరు వంక చూడలేదు. అందరూ ఎప్పటిలాగే పరుగెత్తి ఎప్పటిలాగే బండెక్కారు.

ఆ దెబ్బకి పుట్టింది ఆట. గొంతు పోతే పోయింది, తన స్టేషను మాత్రం తానెన్నడూ చూడని ఇళ్ళల్లో, తానెరగని మనుషుల మధ్య పరుచుకుని ఉండాలి. బాబాయికి ఇక మిగిలిన కోరిక అదొక్కటే. దాని కోసం దొరికిన వాళ్ళనల్లా పట్టుకుని ఆడిస్తున్నాడు.

ఆ రోజు దొరికినవాళ్ళు ఎదురు సీట్లో చొక్కాల కంపెనీ సేల్స్‌మాను, పక్కనే ఒక నర్సు. ఒక్కొక్కరి చేతిలో మూడు పావులు పెట్టాడు. ఒకటి ప్రయాణికుడు, ఒకటి ట్రంకు పెట్టె, ఒకటి అమ్మమ్మ. మూడింటినీ బండెక్కించినవాడు గెలుస్తాడు. అయితే అమ్మమ్మ ఒంటరిగా కదలదు, ఎవరైనా పక్కనుండి నడిపించాలి. పైగా ప్రతి వంతుకీ ఒక ప్రకటన చీటీ తియ్యాలి. బండి మూడో నంబరు నుంచి ఐదో నంబరుకి మారిందని అందులో ఉండొచ్చు. అప్పుడు అందరూ అమ్మమ్మల్ని వెనక్కి తిప్పుకోవాల్సిందే.

"ఇప్పుడు పెట్టె జరపండి. ఊహూ, అటు కాదు, వంతెన మీదుగా. అమ్మా, మీరు అమ్మమ్మని ఇప్పుడే కదపకండి, తర్వాత బాధపడతారు. అదీ! నేను చెప్పలే?"

అలా నడిచింది ఆట. కాసేపటికి బాబాయి చప్పట్లు కొట్టాడు. "మీరు గెలిచారమ్మా!"

"ఎలా గెలిచానండీ?" అంది నర్సు ఆశ్చర్యంగా.

"ఎలాగైతేనేం, గెలిచారు."

సేల్స్‌మాను అప్పటికే తన అమ్మమ్మను బల్ల మీద పడుకోబెట్టి, తానూ కళ్ళు మూసుకున్నాడు. కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. ఆడమంటే తల అడ్డంగా ఊపింది గానీ చూపు మాత్రం అట్ట మీంచి తిప్పలేదు. బాబాయి ఆవిడ వైపు తిరిగి, రాబోయే పొగడ్తకి తగ్గట్టు చొక్కా సర్దుకున్నాడు. "ఎలా ఉందమ్మా ఆట?"

"బానే ఉంది. కానీ ఆడింది మీరొక్కరే."

"నేను పావు ముట్టుకుంటే ఒట్టు!"

"ముట్టుకునే అవసరమే రాలేదుగా. వాళ్ళ చేతులతో మీరే ఆడేశారు. దీన్ని పెట్టెలో పెట్టి అమ్మితే పక్కన మిమ్మల్ని కూడా పెట్టివ్వాలా? అంత పెద్ద పెట్టె మా కొట్లో లేదండీ."

కొట్టంటే ఆటబొమ్మల కొట్టు, బాబాయి స్టేషను ఎదురు వీధిలోనే. ఆవిడ బొమ్మలు అమ్మడమే కాక ఏటా ఒకటో రెండో కొత్త ఆటలు అచ్చు వేయిస్తుంది. ఆ సంగతి తెలియగానే బాబాయికి ఆవిడ ముఖంలో కళ కనిపించింది. ఆవిడ మాత్రం షరతు పెట్టింది. కొట్టు వెనక గదిలో బల్ల ఉంది. అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆడతారు. బాబాయి చూడొచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. ఆట అయ్యాక వాళ్ళంతట వాళ్ళే ఇంకో ఆట వేద్దామంటే అచ్చుకి ఇస్తుంది. లేదంటే చెప్పుల డబ్బాలో మళ్ళీ చెప్పులు పెట్టుకోవచ్చు.

"ఈలోపు మీకు బాగా తెలిసిన ఆట ఒకటి తీసుకోండి. అందులోంచి ఒక్కొక్కటే పీకేసి ఆడి చూడండి. దేన్ని తీస్తే ఆట చచ్చిపోతుందో చూడండి" అంది ఆవిడ, బండి స్టేషను చేరాక దిగబోతూ.

బాబాయి ఇంటికెళ్ళి పిన్నిని కూర్చోబెట్టాడు. ఆయన మైకు బాబాయి అయిన పాపానికి ఆవిడ ఊరందరికీ మైకు పిన్ని అయింది. ఆవిడ గొంతు విన్నవాళ్ళు మాత్రం తక్కువ, వంతు వస్తేగా. ఇద్దరూ పాములూ నిచ్చెనల ఆట పరిచారు.

"ఇందులో నువ్వు చేసిందేమిటో చెప్పు" అన్నాడు బాబాయి, ఒక ఆట ముగిశాక.

"చేసేదేముంది? పాచిక ఎంత పడితే అంత నడిచా. మధ్యలో నన్నడిగినవాళ్ళెవరు? మన కాపురం లాగానే ఉంది."

బాబాయి దాన్ని ఆట మీద వ్యాఖ్యగానే స్వీకరించాడు. తర్వాత పాములన్నిటినీ కాగితం ముక్కలతో కప్పేసి ఆడారు. పిన్ని సగంలోనే ఆవలించింది. "పడతానన్న భయం లేకపోతే ఎక్కినా ఎక్కినట్టుండదండీ." పాముల్ని తెరిచి నిచ్చెనల్ని కప్పారు. ఈసారి బాబాయికే ఏడుపొచ్చింది. చివరికి పిన్ని ఒక మార్పు చేసింది. రెండు పాచికలు వేసి, వాటిలో నచ్చినదాన్ని ఎంచుకోవచ్చంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి ఆలోచించాల్సి వచ్చింది, ఆలోచించాక పశ్చాత్తాపపడాల్సి వచ్చింది. ఇద్దరూ కూర చల్లారేదాకా లేవలేదు.

కోటల మెట్ల మీద కాపలావాళ్ళు గీసిన గళ్ళు, ఓడల చెక్కల మీద సరంగులు చెక్కిన గళ్ళు ఎన్నో తీరాల్లో ఇంకా కనిపిస్తాయి. గీసినవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు. పక్కన నియమాలేవీ రాసి ఉండవు. చూసినవాడు కాసేపు తల గోక్కుని, రెండు గులకరాళ్ళు ఏరుకొచ్చి, తనకు తోచిన ఆట మొదలుపెడతాడు. రాజ్యాలు పోయినా ఆటలు అలాగే మిగిలాయి. ఈ సంగతి బాబాయికి ఎవరూ చెప్పలేదు, మంచిదైంది. అప్పుడాయన నియమాల పుస్తకానికి ముందుమాట రాసుకుంటున్నాడు.

కొట్లో మొదటి పరీక్ష అట్టే సేపు సాగలేదు. గోడ పక్కన ఒక స్టూలు వేసి బాబాయిని కూర్చోబెట్టారు. ముగ్గురు మనుషులు నియమాల పుస్తకం తిరగేసి, ముందుమాట దాటేసి, ప్రకటన చీటీ తీశారు. అందులో ఉన్నదాన్ని వదిలేసి ఒకాయన బండిని ఎదురు దిక్కుకి జరిపాడు. స్టూలు మీంచి ఒక గొంతు ఖంగుమంది.

"ప్రయాణికులు దయచేసి గమనించగలరు!"

ముగ్గురూ ఉలిక్కిపడి కిటికీలోంచి స్టేషను వైపు చూశారు. కొట్టావిడ వచ్చి అట్ట మడిచేసింది.

"వాళ్ళు మొద్దులమ్మా" అన్నాడు బాబాయి, వాళ్ళు వెళ్ళాక. "అంత స్పష్టంగా రాస్తే!"

"కొనేవాళ్ళూ వాళ్ళే బాబాయి గారూ. వేరే జనాన్ని నేనెక్కడ తేను? ఒక్కడు తడబడితే వాడి ఖర్మ. వచ్చినవాళ్ళంతా అక్కడే తడబడుతుంటే ఆ మెట్టే వంకర."

తర్వాతి పరీక్షల్లో బాబాయి నోట్లో చూయింగ్ గమ్ పెట్టుకుని కూర్చున్నాడు. మాట్లాడటం లేదు కాబట్టి కళ్ళకి పని దొరికింది. ఎవరైనా కుర్చీ ముందుకి జరుపుకుంటే ఆటలో పడ్డట్టు, తన వంతు కానప్పుడు గడియారం చూసుకుంటే అక్కడ చచ్చుచోటు ఉన్నట్టు పోల్చుకున్నాడు. ఇంటికెళ్ళి పీకుడు మొదలుపెట్టాడు. టీ స్టాలు పీకాడు, ఎవరూ అడగలేదు. కూలీల చీట్లు పీకాడు, ఆట జోరందుకుంది. తనకెంతో ఇష్టమైన వెయిటింగ్ హాలు పీకిన రోజు ఇంట్లో ఎవరో పోయినట్టు మూలన కూర్చున్నాడు. అమ్మమ్మను పీకి చూస్తే మాత్రం ఆట ఉత్త పరుగు పందెమైంది. అమ్మమ్మ ఉండి తీరాలి.

నియమాల పుస్తకం చిక్కి చిక్కి ఒక్క కాగితమైంది. చివరి వాక్యాలు కత్తిరిస్తున్నప్పుడు "ఎవరి అమ్మమ్మను వారే బండెక్కించవలెను" అన్నది కనిపించి బాబాయి నవ్వుకున్నాడు. ఇది కూడా చెప్పాలా? పరాయివాళ్ళ అమ్మమ్మను బుద్ధున్న వాడెవడు ఎక్కిస్తాడు? కొట్టేశాడు.

ఒక్క జబ్బు మాత్రం కుదరలేదు. ఎవరైనా ముందుగా వంతెన దాటారా, ఇక వాళ్ళే గెలుస్తారు. మిగతావాళ్ళు మర్యాద కోసం పాచిక వేస్తూ కూర్చుంటారు. ఆట అయ్యాక "బావుందండీ" అంటారు. ఇంకోసారి అని మాత్రం ఎవరూ అనరు. "ఇంకొక్కసారి చూద్దాం. ఈసారీ అంతే అయితే మీకూ నాకూ కాలహరణం" అంది కొట్టావిడ.

ఆ ఒక్కసారికి కుదిరినవాళ్ళు పక్క కొట్టు టైలరు, వాన పడుతుంటే లోపలికి వచ్చిన ఒక కొత్త జంట. పిన్ని రానంది. "మీరు నోరు మూసుకోవడం చూడాలని ఎప్పట్నించో ఉంది గానీ, నేనుంటే మీ వల్ల కాదు" అని గొడుగిచ్చి పంపింది.

టైలరు ముందుగా వంతెన దాటేశాడు. తన ప్రయాణికుణ్ణి బండెక్కించాడు, పెట్టెను ఎక్కించాడు. ఇక మిగిలింది అమ్మమ్మ. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. ఈ ముగింపు ఆయనకు తెలుసు.

"ఆగండాగండి" అంది కొత్త పెళ్ళికూతురు. "మీ అమ్మమ్మ పక్కన ఇప్పుడు నేనున్నా కదా?"

"ఉంటే?"

"ఎవరైనా పక్కనుండి నడిపించవచ్చని రాసుంది. నడిపిస్తున్నా. రండి అమ్మమ్మగారూ, మీ మనవడికి తొందరెక్కువ, మనం నెమ్మదిగా పోదాం." ఆ అమ్మమ్మను పట్టుకుని వెనక్కి, వంతెన అవతలికి తీసుకుపోయింది.

"ఇదెక్కడి అన్యాయం! అమ్మమ్మనెత్తుకుపోవడమేంటమ్మా?"

"చూపించండి, కూడదని ఎక్కడుందో!"

టైలరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. కూడదని ఎక్కడా లేదు. స్టూలు మీద బాబాయి సగం లేచాడు. ఆ వాక్యం ఆయనకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది, ఏ కత్తెరతో కత్తిరించాడో కూడా గుర్తుంది. గొంతులోకి గాలి నిండింది. 'దయచేసి' అన్న మాట పెదవుల దాకా వచ్చి తలుపు తట్టింది. కొట్టావిడ బొమ్మల అరల అవతల నుంచి చూస్తోంది.

బాబాయి చూయింగ్ గమ్ మింగేశాడు. కూర్చున్నాడు.

"అలాగా! అయితే మీ ఆయన అమ్మమ్మ నా పక్కనే ఉంది, కాస్త చూసుకోమను" అన్నాడు టైలరు, కుర్చీ ముందుకి జరుపుకుంటూ.

"ఒసే, నీ మూలంగా నా అమ్మమ్మ పోయిందే!"

"మీ అమ్మమ్మ నాకెప్పుడూ నచ్చలేదుగా, పోనీయండి!"

ఆపైన బల్ల బల్లలా లేదు. ముందున్నవాడి అమ్మమ్మకే అందరూ గురిపెట్టడంతో ముందుండటమే ప్రమాదమైంది. వెనకబడ్డవాడు బేరాలకు దిగాడు, బెదిరింపులకు దిగాడు. బండి ప్లాట్‌ఫారం మారిన ప్రతిసారీ ముగ్గురూ ఒకేసారి కేకలు పెట్టారు. ఎవరూ గడియారం చూడలేదు. వాన తగ్గిన సంగతి కూడా చూడలేదు. చివరికి పెళ్ళికొడుకే గెలిచాడు, అదీ తన అమ్మమ్మను పెళ్ళాం కళ్ళు గప్పి ఎక్కించి.

"ఇంకోటి వేద్దాం" అన్నాడు టైలరు, అప్పుడే పావులు పేరుస్తూ. "మా అమ్మమ్మ నాకు దక్కేదాకా లేచేది లేదు. కొట్టు కట్టేసి వస్తా, ఎవరూ కదలొద్దు."

కొట్టావిడ నవ్వుకుంటూ స్టూలు వైపు తిరిగింది. స్టూలు ఖాళీగా ఉంది. "బాబాయి గారేరీ?"

"ఎవరు?" అంది పెళ్ళికూతురు, అట్ట మీంచి తల ఎత్తకుండా.

బాబాయి అప్పటికి వీధి మలుపు దగ్గరున్నాడు. ఎదురుగా స్టేషను స్పీకర్లో యంత్రం ఎవరికో ఏదో చెబుతోంది, ఎవరూ తలెత్తడం లేదు, ఆయనా ఎత్తలేదు. వెనక కొట్లోంచి "నా అమ్మమ్మని వదులు!" అన్న కేక వినిపించింది. ఒక్క క్షణం ఆగాడు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టాడు.