రత్నాలు గీసిచ్చిన గీత

సుక్రు టైడా స్టేషన్లో పాయింట్స్‌మ్యాన్. పెళ్లైన ఏడాదికే, తొంభై ఆరులో, భార్య రత్నాలుకు విశాఖలో నర్సు ట్రైనింగ్ సీటు వచ్చింది. పద్దెనిమిది నెలలు. వెళ్లమన్నది అతనే. వెళ్లే ముందురోజు మాత్రం కంచం పక్కకు నెట్టేశాడు.

అది చూసి రత్నాలు గ్రాఫు కాగితం ఒకటి తీసింది. అడుగున గంటలు, పక్కన నిలువుగా టైడా నుంచి విశాఖ దాకా స్టేషన్లు, దూరాన్ని బట్టి వేసింది. టైంటేబుల్ చూసి సాయంత్రం పాసింజరుకు గీత గీసింది.

సుక్రు ఏడో తరగతిలోనే బడి మానేసినవాడు. "బండి కొండ దిగుతాది గదే, గీత పైకెక్కుతాందేటి?" అన్నాడు.

"ఇది కొండ బొమ్మ కాదు బావా. నీ కాడినుంచి నానెంత దూరం ఎల్లిపోనానో అది. ఘాట్‌లో నిదానం, అందుకే వాలుగా ఉంది. బొడ్డవర దాటాక జోరు, నిటారుగా లేసింది."

"ఈ అడ్డగీతలేటి?"

"స్టేషన్లో ఆగినప్పుడు. దూరం పెరగదు, టైమే నడుస్తాది."

"మరి నువ్వొచ్చీటప్పుడు?"

"కిందికి దిగి నీ కాడికే వత్తాది."



నెలకోసారి ఆమె వచ్చి వెళ్లినప్పుడల్లా సుక్రు జెండా చుట్టేసి, గడియారం చూస్తూ ఆ కాగితం మీద వేలు జరిపేవాడు. ఇప్పుడు శివలింగపురం. ఇప్పుడు శృంగవరపుకోట. వేలు విశాఖ చేరేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు.

మరుసటి ఏడు వానల్లో ఒక సాయంత్రం ఆమె ఎక్కిన బండి బొడ్డవరలో ఆగిపోయింది. ముందు పట్టాల మీద చెట్టు పడిందని ఫోనొచ్చింది. సుక్రు పెన్సిలుతో బొడ్డవర దగ్గర గీతను అడ్డంగా సాగదీశాడు. పావుగంట. అరగంట. గంట. ముసురులో కిటికీ పక్కన ఆమె ఒక్కర్తే కూర్చున్నట్టు కళ్లకు కట్టింది.

"కదిలిందిరా!" అన్నాడు మరో పది నిమిషాలకు ఫోను దించుతూ, స్టేషన్ మాస్టర్ గణపతిరావు.

ఎప్పటి జోరుతోనే పోతుందనుకుని, సుక్రు పాత గీతకు సమంగా కొత్త గీత లాగాడు. గంటా పది నిమిషాలు ఆలస్యమని తేలింది. వారానికి ఉత్తరం వచ్చింది: 'గంటా పావు లేటుగా దిగాను. అంతసేపూ నువ్వేం చేస్తున్నావోనని అనుకుంటూ ఉన్నాను.'

ట్రైనింగ్ అయ్యాక ఆమెను చింతపల్లి వైపు వేశారు. అటు రైలు లేదు. సర్వీసు జీపు నిండితేనే కదులుతుంది. ఎప్పుడొస్తుందో, ఎక్కడుందో లెక్క అందేది కాదు. జీపు మోత వినిపిస్తే చాలు, సుక్రు రోడ్డు మీదికి వచ్చేవాడు. మూడేళ్లు అలాగే గడిచాయి.

చివరికి టైడా ఉన్న అనంతగిరి మండలానికే బదిలీ అయింది. ట్రంకుపెట్టె దింపుతూ సుక్రు అడిగాడు: "ఇంకెక్కడికీ ఎల్లవు గదా?"

"రేపు పొద్దున్నే డూటీ ఉంది బావా, పై ఊర్లో."

"సాయంత్రానికి?"

"వచ్చెత్తాను," అంది రత్నాలు.