లెక్కలో రాయని పదకొండు రాళ్ళు

ఇన్నేళ్ళుగా పదకొండు రాళ్ళు మోస్తున్నాను. ఈరోజు మీ ముందు దించుతున్నాను. క్షమించమని అడగడానికి కాదు.

నేను బడికి పోలేదు. భూపాలపల్లి క్వార్టర్లలో, బొగ్గుబాయి నుంచి వచ్చి స్నానం చేశాక బాపు లెక్కలు నేర్పేవాడు. నాకు వచ్చిందంతా ఆయన చలువే. అది చూసే పక్కింటి సుజాతక్క నన్ను తన పరిశోధనలోకి పిలిచింది. ఆ పిలుపుకీ దండమే.

పాత నాగరికతలు ఎలా పెరిగి ఎలా పడిపోతాయో చెప్పే సమీకరణం ఆమెది. మనుషులు పెరుగుతారు, నేల అలుస్తుంది, మనుషులు తగ్గుతారు. కానీ జనం లెక్క చూపే గీత సున్నాను తాకదు, కొందరు మిగులుతారు. అది నిజమో కాదో తేలాలంటే టేకుమట్ల చుట్టూ ఉన్న రాకాసి గుళ్ళు, అంటే పాతకాలపు రాతి సమాధులు, ఏ కాలానివి ఎన్నో లెక్కపెట్టాలి. తెలంగాణ ఉద్యమం రోజులు. బస్సులు బంద్. మేనత్త ఇంట్లో ఉండి, నడిచి తిరిగాను.

చివరి కాలపువి, అంటే పడిపోయాక మిగిలినవాళ్ళవి, పదకొండు. అన్నీ ఊరి పక్కనే. వాటికి పసుపు, కుంకుమ బొట్లు, ముందు కొబ్బరి చిప్పలు. ఎవరో ఆ పొద్దున్నే మొక్కిపోయారు. పూజలందుకుంటున్న తల్లిని చచ్చినవాళ్ళ వరుసలో ఎలా రాయను? చెప్పులు విడిచి, మొక్కి, పుస్తకం మూసేశాను.

లెక్క చూసి అక్క ముఖం వాడిపోయింది.

“చివరి కాలంవి ఒక్కటి గూడ లెవ్వా? బండ కనవడితే దండం వెట్టే పిల్లవు. మొక్కుకుంట మొక్కుకుంట రాసుడు మర్చినవా ఏంది?”

“లేదక్కా. అన్ని రాసిన.”

“ఒట్టు?”

“ఒట్టు.”

దేవుణ్ణి తలిచే నోటితోనే అన్నాను.

అక్క ఆ లెక్క చూపిన సదస్సులో పెద్దలు నవ్వారట. మనుషులు మిగిలారని నీ గీత అంటోంది, నేల లేరంటోంది కదమ్మా అన్నారట. బయట రోడ్ల మీద మా జనమంతా మేమున్నామని అరుస్తున్న రోజుల్లోనే. అక్క పరిశోధన మానేసింది. ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో పిల్లలకు పాఠాలు చెబుతోంది. బతుకమ్మకు నాకింకా చీర పంపుతుంది.

ఆమె గీత నిజం. మిగిలినవాళ్ళను దాచింది నేను.

ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు. చెబితే రాయమంటుందని. ఆ రాళ్ళను సమాధులని రాయనందుకు ఇప్పటికీ బాధపడను, ఎవరేమనుకున్నా సరే; మొక్కే చేయి ఉన్నన్నాళ్ళు అక్కడ ఏదీ చచ్చిపోలేదు, ఆ సంగతి రాయడానికి పుస్తకంలో గడి లేకపోతే తప్పు పుస్తకానిది. కానీ ఒట్టు నాది. అక్క పోగొట్టుకున్నది నా వల్ల.

ఈ కాగితం ముందు ఘన్‌పూర్‌కే పోతుంది. వచ్చే ఏడు చీర వస్తుందో రాదో.

పదకొండు, అక్కా. పదకొండున్నయి.